వద్దంటూ అమ్మేవాళ్లు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి పాఠం)



నడికుడి పేరు మీలో చాలామంది రైల్లో వెళ్తూ విని వుంటారు. గుంటూరు నుంచి సికిందరాబాదు వెళ్లే దారిలో, మాచర్ల లైను విడిపోయే జంక్షను మాది. బండి ఆగిన ఆ కాసేపట్లో కిటికీలోంచి చూస్తే పెద్దగా కనిపించేదేమీ వుండదు. కానీ మాఘ ఫాల్గుణ మాసాల్లో మా వైపు రోడ్డు మీద వస్తే చూడాలి. కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి వుంటాయి. ఎర్ర తివాచీ పరిచినట్లుందంటారు ఫొటోలు తీసుకునేవాళ్లు. అక్కడ నిలబడి కాయలు ఏరేవాళ్లకి మాత్రం తివాచీలేవీ గుర్తుకు రావు, తుమ్ములొస్తాయి.

కొన్నేళ్ల క్రిందట మా వదినగారు హైదరాబాదు నుంచి వచ్చారు. ఏడాదికి సరిపడా మిరపకాయలు కల్లం దగ్గరే కొని, ఇక్కడే కారం పట్టించి తీసుకువెళ్లాలని ఆవిడ కోరిక. సరేనని వెంట వెళ్లాను. నిగనిగలాడుతున్న ఒక కుప్ప దగ్గర ఆగి, "ఇది ఎట్లా ఇస్తావమ్మా?" అన్నారు వదినగారు. ఆ రైతు ఇల్లాలు ధర చెప్పలేదు. "ఇంట్లో పసిపిల్లలున్నారా అమ్మా?" అని అడిగింది.

"వున్నారు, ఇద్దరు మనమలు."

"అయితే ఈ కాయ మీకొద్దులేమ్మా. ఇది తేజ. పిల్లలు తట్టుకోలేరు. ఆ పక్క కల్లంలో సన్నం వుంది, అది తీసుకోండి."

వదినగారి ముఖం చిన్నబోయింది. డబ్బిచ్చి కొంటామంటే వద్దనేవాళ్లను ఆవిడ ఎక్కడా చూసి వుండరు మరి! పక్క కల్లంలో ఐదు కిలోలు సన్నం కొన్నారు. కొన్నవారు నేరుగా ఇంటికి రావచ్చు కదా? రాలేదు. వెనక్కి తిరిగి ఆ మొదటి కుప్ప దగ్గరికే వెళ్లి, "అంత కారమో కాదో నేనూ చూస్తాను, ఒక్క కిలో ఇవ్వు" అన్నారు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ప్రతి ఏడూ ఫోను చేస్తారు. "ఆ తేజ ఆవిడ ఈసారి వేసిందా?" అని. సన్నం అమ్మినవారిని మాత్రం ఒక్కసారీ అడగలేదు!

ఈ చిన్న సంగతిలో పెద్ద వ్యాపార రహస్యం వుంది. ఈ రోజు దాన్ని గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

సాధారణంగా అమ్మేవాడు ఏమంటాడు? "రండి రండి, ఇది అందరికీ పనికొస్తుంది, పిల్లలకీ పెద్దలకీ నచ్చుతుంది" అంటాడు. అయితే, అందరికీ నచ్చాలని చేసిన వస్తువు ఎవరికీ బాగా గుర్తుండదు. ఉప్పు కారం ఎవరినీ నొప్పించకుండా వేసిన హోటలు సాంబారు లాంటిది అది. తింటాం, లేచి వస్తాం. దాన్ని కలవరించేవాళ్లుండరు. కొందరు వ్యాపారులు దీన్ని కనిపెట్టి, ఎదురు దారి పట్టారు. "ఇది మీకు కాదు" అని నలుగురినీ పొమ్మంటారు. పోగా మిగిలినవాళ్లున్నారే, వాళ్లు మరి వదలరు. "ఇది అందరూ తట్టుకోలేరు, నేను తట్టుకున్నాను" అన్న గర్వం ఒకటి పుట్టుకొస్తుంది. గర్వంతో కొన్న వస్తువుని మనిషి అంత తేలిగ్గా మార్చడు.

మిరపకాయల సంగతే మరికాస్త చూడండి. కాయలో మంట పుట్టించే పదార్థాన్ని కాప్సైసిన్ అంటారు. ఆ మంటని లెక్కగట్టే పద్ధతిని 1912 లో స్కోవిల్ అనే అమెరికా మందుల శాస్త్రజ్ఞుడు చెప్పాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ పోయి, ఎక్కడ నాలుకకి మంట తెలియకుండా పోతుందో చూసేవాళ్లు. ఎంత ఎక్కువ పలచన చెయ్యాల్సి వస్తే అంత కారం అన్నమాట. ఆ లెక్కలో మన గుంటూరు సన్నం కన్నా తేజ బాగా పైన వుంటుంది. కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగి కాయ ముడతలు పడి, చక్కటి రంగు ఇస్తుందే కాని కారం తక్కువ. అందుకే మనలో చాలామంది రంగుకి అది కాస్త, కారానికి ఇది కాస్త కలిపి పట్టించుకుంటాం. తేజ కాయని పసిపిల్లల ఇల్లు వద్దంటుంది, కడుపులో మంట వున్నవాళ్లు వద్దంటారు. అయినా దానికి గిరాకీ తక్కువేమీ కాదు. కారం సారం తీసే ఫ్యాక్టరీలకి అదే కావాలి. చైనా వంటి దేశాలకి ఎగుమతయ్యేదీ అదే ఎక్కువ. పదిమంది వద్దన్న గుణమే పదకొండోవాడికి కావలసిన గుణమైంది.

ఇలా నిజం చెప్పి అమ్ముకున్నవాళ్లు ఇతర దేశాల్లోనూ వున్నారు. కెనడాలో బక్లీ అని ఒక దగ్గు మందు వుంది. 1920 ప్రాంతంలో టొరాంటోలో ఒక మందుల షాపాయన తయారుచేసినది. తాగితే ముఖం వికారంగా పెట్టాల్సిందే. 1980 ల మధ్యలో ఆ కంపెనీ ఏం చేసిందో తెలుసా? రుచి మార్చలేదు. ఆయన కొడుకే ప్రకటనల్లోకి వచ్చి, మా మందు రుచి ఘోరంగా వుంటుంది, కాని పనిచేస్తుంది అని చెప్పాడు. దాంతో ఆ మందు పేరు ఇంటింటికీ తెలిసిపోయింది. చేదుగా వుందని దాచకుండా చెప్పినవాడు, గుణం గురించి కూడా నిజమే చెబుతున్నాడని జనం అనుకున్నారు.

ఇంగ్లండులో మార్మైట్ అని రొట్టె మీద రాసుకునే నల్లటి పదార్థం వుంది. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్టుతో చేస్తారు. ఉప్పగా, ఘాటుగా వుంటుంది. మన గోంగూర కాని, ఇంగువ కాని అలవాటు లేనివాళ్లు మొదటిసారి మూత తీసినప్పుడు ఎలా వెనక్కి జరుగుతారో, దాన్ని చూసీ అలాగే జరుగుతారు. 1996 లో ఆ కంపెనీవాళ్లు "ప్రాణమైనా పెడతారు, లేదా అసహ్యించుకుంటారు" అనే అర్థం వచ్చేలా ప్రకటన మొదలుపెట్టారు. మధ్యేమార్గం లేదని ఒప్పుకున్నారు. నచ్చనివాళ్ల ముఖాలు కూడా తమ ప్రకటనల్లోనే చూపించారు.

ఈ మూడింటిలోనూ ఒక సామాన్య లక్షణం వుంది, గమనించండి. మా ఊరి రైతు ఇల్లాలు కాని, ఆ దగ్గు మందాయన కాని, మార్మైట్ వాళ్లు కాని, వద్దని చెప్పింది వస్తువు గుణాన్ని చూపించి. కారం ఎక్కువ, రుచి బాగుండదు, వాసన పడదు అన్నారు. అలా చెప్పినందువల్ల బేరం పోతే పోయేది వాళ్లదే. వద్దన్నదానికి ఖరీదు తామే కట్టారు. అందుకే ఆ మాట మర్యాదగా వుంది.

మన తెలుగులో సాహిత్యంలో కూడా ఇలాంటిదొకటి జరిగింది. 1965 లో ఆరుగురు కవులు తమకి తాము దిగంబర కవులని పేరు పెట్టుకున్నారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అన్నవి వాళ్లు పెట్టుకున్న కలంపేర్లు. పుస్తకం ఆవిష్కరణంటే ఎవరో పెద్దమనిషి వచ్చి, దండలు వేయించుకుని చేస్తాడు కదా? వీళ్లు మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966 లో విజయవాడలో రెండో సంపుటి ఒక హోటలు క్లీనరు చేత, 1968 లో విశాఖపట్నంలో మూడోది ఒక బిచ్చగత్తె చేత చేయించారు. భాష కూడా పెద్దల చెవులు మూసుకునేలా రాశారు. పండితులు ఛీ అన్నారు. ఛీ అన్నకొద్దీ కుర్రవాళ్లు వెతుక్కుని చదివారు. వాళ్ల రాతలు మనకి నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కాని ఒకటి ఒప్పుకోవాలి. వాళ్లలో ముగ్గురు 1971 లో ముందస్తు నిర్బంధం చట్టం కింద జైలుకి వెళ్లారు. లోకానికి చెప్పిన పరుష వాక్యానికి ఖరీదు వాళ్లే కట్టుకున్నారన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వద్దని చెప్పేది అమ్మేవాడు, ఖరీదు కట్టేది మరొకరు అయినప్పుడు ఏమవుతుంది?

2017 ఆగస్టు 25 న "అర్జున్ రెడ్డి" అనే సినిమా విడుదలైంది. మీ ఇళ్లల్లో కూడా దాని గురించి ఏదో ఒక రభస జరిగే వుంటుంది. మన తెలుగు సినిమా పుట్టిన దగ్గర్నుంచీ నిర్మాతలు దండం పెట్టేది మనకే కదా! ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తేనే హాలు నిండుతుందని, "సకుటుంబ సపరివార సమేతంగా చూడదగ్గ చిత్రం" అని వేసేవాళ్లు. ఈ సినిమా ఆ దారిన పోలేదు. హీరో హీరోయిన్లు ముద్దు పెట్టుకుంటున్న పోస్టరు హైదరాబాదు సిటీ బస్సుల మీద కనిపించింది. కాంగ్రెసు నాయకులు వి. హనుమంతరావుగారు అభ్యంతరం చెప్పి, ఒక బస్సు మీది పోస్టరుని చించివేశారు. దానికి జవాబుగా ఆ సినిమా హీరో "తాతయ్యా, చిల్" అన్నాడు. ఆ రెండు మాటలతో లోకం రెండు ముక్కలైంది. ఒకవైపు తాతయ్యలు, వాళ్ల పక్కన మనం. మరోవైపు కుర్రకారు. ఇలా జరగాలని ముందే లెక్క వేసుకున్నారో లేదో కాని, జరిగింది మాత్రం ఇదీ. కొత్త దర్శకుడు, చిన్న ఖర్చుతో తీసిన సినిమా, ఆ ఏడాది పేరుమోసిన విజయాల్లో ఒకటైంది. 2019 లో హిందీలో "కబీర్ సింగ్" పేరుతో తీస్తే అక్కడా కాసులు కురిశాయి.

నా సంగతి కూడా దాచకుండా చెబుతాను. అప్పుడు మా అబ్బాయి హైదరాబాదులో హాస్టల్లో వుండి చదువుకుంటున్నాడు. టీవీలో ఆ గొడవ చూసి, ఆదుర్దాగా ఫోను చేశాను. "ఒరేయ్, ఆ సినిమాకి మాత్రం వెళ్లకు" అన్నాను. వాడు, "ఏ సినిమా అమ్మా?" అన్నాడు. అప్పటిదాకా వాడికి వెళ్లాలన్న ఆలోచనే లేదు! పేరు చెప్పాను, ఎందుకు వద్దో కూడా వివరంగా చెప్పాను. ఆ ఆదివారమే వెళ్లి చూశాడు. ఒక్క పైసా ఖర్చు లేకుండా ఆ సినిమాకి ఒక టిక్కెట్టు అమ్మి పెట్టింది నేనే. తరువాత నేను కోప్పడితే, "నీకర్థం కాదులే అమ్మా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. నిదానంగా ఆలోచిస్తే, ఆ మాటలో సగం వాడిది కాదనిపించింది. ఆ పోస్టరు వాడికి నేర్పిన మాట అది.

సంక్రాంతికి వాడు ఇంటికి వచ్చినప్పుడు, "ఏదీ, నాకూ చూపించు" అన్నాను. వాడు తడబడ్డాడు. నేను పట్టు వదల్లేదు. ఇద్దరం కూర్చుని చూశాం. మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, అందులో నాయనమ్మ వేషం వేసినావిడ మన కాంచనగారు! "ఆత్మగౌరవం" లో నాగేశ్వరరావుగారి పక్కన చూశామే, ఆవిడే. ఆవిడ నోట నాలుగు మంచి మాటలు కూడా వున్నాయి. మనబోటి వాళ్లం ఆసక్తిగా చూడదగ్గ మనిషి లోపల వుండగా, మనకి ఎదురైన పోస్టరు మాత్రం "మీరు లోపలికి రాకండి" అన్నట్లుంది!

పోతే, కుర్రవాడు బాగా నటించాడు, కాదనను. కాని ఆ అమ్మాయి వుంది చూశారూ, సినిమా సగం దాకా ఆ పిల్ల నోరు విప్పి మాట్లాడింది బహు తక్కువ. అతను ఆ పిల్లని చూడగానే ఇది నాది అని కాలేజీ అంతటికీ చెప్పేస్తాడు. సినిమా అయ్యాక నేను ఉపన్యాసం ఇవ్వలేదు. "నాన్నా, ఆ పిల్లని ఎవరైనా అడిగారా, నీకు ఇష్టమేనా అని?" అన్నాను. వాడు జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ రాత్రి పదకొండు దాకా మాట్లాడుకున్నాం. వెళ్లకురా అని ఫోనులో చెప్పిన పది నిమిషాల్లో సాధించలేనిది ఆ ఒక్క ప్రశ్నతో సాధించాననిపించింది. వాడు నా మాట అంతా ఒప్పుకున్నాడని చెప్పను. కాని "నీకర్థం కాదులే" అనడం మానేశాడు.

ఇప్పుడు ఖరీదు సంగతి చూద్దాం. ఆ సినిమాకి సెన్సారువారు "ఎ" సర్టిఫికెట్టు ఇచ్చారు. అంటే పద్ధెనిమిదేళ్లు నిండనివాళ్లు హాల్లోకి వెళ్లకూడదు. అది న్యాయం. మిరప కల్లం దగ్గర "పసిపిల్లలున్నారా" అని అడిగినట్లే. హాలు లోపల ఏమున్నా, ఇష్టమైనవాళ్లు టిక్కెట్టు కొనుక్కుని చూస్తారు. కాని పోస్టరు అంటించింది ఎక్కడ? బడికి వెళ్లే పిల్లలెక్కే సిటీ బస్సు మీద. లోపల చూడకూడదన్న పిల్లలే బయట చూడాల్సి వచ్చింది. ఏమీ కొననివాళ్లు, ఏమీ అడగనివాళ్లు, ఆ ప్రచారానికి ఖరీదు కట్టారు. నాకు అభ్యంతరం ముద్దు దగ్గర కాదు సుమా, ఈ లెక్క దగ్గర.

సినిమా ఒక్కటే అయితే ఇంత సేపు చెప్పేదాన్ని కాదు. మన ఇంటి గడపలోకి ఇదే పద్ధతి వేరే వేషాల్లో వస్తుంది. పదో తరగతి ఫలితాలు రాగానే కాలేజీల వాళ్లు ఫోన్లు చేస్తారు. అందులో కొందరు, "మా ప్రత్యేక సెక్షను అందరు పిల్లలకీ కాదండీ, మీవాడు పరీక్ష రాయాలి, సీటు వస్తుందో రాదో చెప్పలేం" అంటారు. అంతవరకు ఆ కాలేజీ వైపు చూడని తల్లి కూడా, ఆ మాట వినగానే గాభరాపడి పరీక్ష రాయించడానికి పరుగెత్తుతుంది. సీటు వస్తే, అడిగినంత ఫీజూ వరంలా కడుతుంది. మరి సీటు రానివాడు? పదిహేనేళ్లకే "నేను ఆ సెక్షనుకి పనికిరాను" అనుకుంటూ ఇంటికి వస్తాడు. ప్రత్యేకం అన్న పేరు కాలేజీది, ఖరీదు కట్టింది ఆ పిల్లవాడు.

చీరల షాపుల్లో "ఇది మీ రేంజి కాదులెండి" అన్నట్లు పక్కకి జరిపే చీర, "తెలిసినవాళ్లే తాగుతారు" అంటూ అమ్మే కాఫీ పొడి, అన్నీ ఆ కోవలోవే. ఇక చేతిలో ఫోన్లు వచ్చాక ఇది మరీ సులువైపోయింది. అక్కడ మెచ్చుకుంటూ రాసినా, తిట్టిపోస్తూ రాసినా లెక్కలోకి ఒకటిగానే వస్తుంది. నలుగురు పోట్లాడుకుంటున్న చోటికే ఆ యంత్రం మరో నలుగుర్ని తీసుకువస్తుంది. కాబట్టి మన కోపం కూడా అమ్ముడుపోయే సరుకే అయింది.

అయితే అన్నిటికీ నోరు మూసుకుని వుండమంటారా అని మీరు అడగవచ్చు. అలా అనను. తప్పు అనిపించినది తప్పని చెప్పాల్సిందే. ఎవరికి చెబుతున్నాం, ఎలా చెబుతున్నాం అన్నది చూసుకోవాలి. బస్సు మీద పోస్టరు బాగాలేదంటే బస్సుల వాళ్లకి ఒక ఉత్తరం రాయవచ్చు. దానికి సినిమా పేరు పదిమందికీ చాటనక్కర్లేదు. ఇంట్లో పిల్లలకి చెప్పాలంటే, వద్దు అన్న మాట కన్నా ఒక ప్రశ్న మేలు.

నేను మూడు ప్రశ్నలు గుర్తు పెట్టుకుంటాను. ఎవరైనా "ఇది మీకు కాదు" అన్నప్పుడు, వాళ్లు చెబుతున్నది వస్తువు గుణమా, లేక మనుషుల తాహతా? అది మొదటిది. అలా అన్నందువల్ల నష్టపోయేది అమ్మేవాళ్లా, దారిన పోయేవాళ్లా? అది రెండోది. నాకు వచ్చిన ఈ కోపం వల్ల, లేదా ఈ పంతం వల్ల, ఎవరి గల్లాపెట్టె నిండుతుంది? అది మూడోది. ఈ మూడింటికీ జవాబు దొరికేసరికి కోపమూ చల్లబడుతుంది, పంతమూ తగ్గుతుంది. అప్పుడు కొనాలంటే కొనుక్కోవచ్చు, మానాలంటే మానవచ్చు.

మా వదినగారు తీసుకువెళ్లిన ఆ కిలో తేజ ఏమైందో చెప్పి ముగిస్తాను. మొదటిరోజే ఆవకాయంత ధైర్యంగా పప్పులో వేశారట. అన్నయ్య రెండు చెంబుల మజ్జిగ తాగారట. ఆ తరువాత నుంచి నాలుగు చెంచాల సన్నానికి అరచెంచా తేజ కలుపుతున్నారు. "ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమే వదినా" అంటారు ఇప్పటికీ. పసిపిల్లల నోరు కాలకూడదని బేరం వదులుకున్న మనిషిని ఆవిడ మర్చిపోలేదు. అటువంటివాళ్లు ఎదురైతే మీరూ మర్చిపోకండి.